దొంగ లెక్కలు కొందరివి, ఎదురుచూపులు అందరివి

ఆదాయపు పన్ను వాపసు ఎక్కడ ఆగుతున్నది?

ఎల్.బి. నగర్: ఇన్‌కంటాక్సు అంటే పట్నంలో నెల జీతగాళ్ల గొడవ అని పల్లెల్లో చాలామంది అభిప్రాయం. ఇప్పుడా మాట చెల్లదు. భూమి పోయినందుకు వచ్చిన పరిహారమో, రిటైరయిననాడు చేతికొచ్చిన మొత్తమో బ్యాంకులో డిపాజిటు చేసుకున్న ప్రతి కుటుంబం గడప దాకా ఈ పన్ను వచ్చింది. వడ్డీ ఒక హద్దు దాటితే నూటికి పది రూపాయలు బ్యాంకే కోసి ప్రభుత్వానికి జమ చేస్తున్నది. పన్ను కట్టవలసినంత ఆదాయం లేనివారు ఆ కోతను తిరిగి తెచ్చుకోవచ్చు. అది దయ కాదు, హక్కు. కాని ఆ హక్కు చేతికందేలోగా కొందరికి నెలలు గడిచిపోతున్నాయి.

సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం, యాచారం నుంచి, విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చేవారికి పట్నం మొదలయ్యేది ఎల్.బి. నగర్‌లోనే. అక్కడికి మెట్రో రైలులో మూడో స్టేషను దిల్‌సుఖ్‌నగర్. కాగితాల పని ఏది పడినా ఈ రెండు చోట్ల తెలిసినవారిని వెతుక్కోవడం గ్రామీణులకు అలవాటు. పన్ను వాపసు విషయంలోనూ అదే దారి పడుతున్నారు. ఎవరి చేతిలో కాగితాలు పెడుతున్నామన్నది ఇప్పుడు ఇదివరకటికంటే ముఖ్యమయింది. దానికి కారణం ఉన్నది.

ఎవరి సొమ్ము, ఎందుకు కోత?

పది లక్షలు డిపాజిటు చేసిన రైతుకు నూటికి ఏడు చొప్పున ఏడాదికి 70 వేలు వడ్డీ వచ్చిందనుకోండి. బ్యాంకు 7 వేలు కోస్తుంది. పాన్ నంబరు ఇవ్వకపోతే కోత రెట్టింపు, అంటే 14 వేలు. పైగా పాన్ లేని కోత ఎవరి పేర జమ అయినట్లూ కనిపించదు గనుక దాన్ని రాబట్టుకోవడం గగనమే. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ కోతకు హద్దు ఏడాదికి 50 వేల వడ్డీ. అరవై ఏళ్లు నిండిన వారికి లక్ష రూపాయలు.

డిపాజిటుదారులే కాదు, ఊళ్లో చిన్న కాంట్రాక్టు పని చేసిన వ్యక్తి బిల్లులోంచి నూటికి ఒక రూపాయి కోస్తారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాలలో జీతం మీద కాక ఫీజు మీద పాఠాలు చెప్పే అధ్యాపకులకు, ఏడాది మొత్తం హద్దు దాటితే, నూటికి పది కోత పడుతుంది. వీరిలో ఏడాది ఆదాయం పన్ను పరిధికి లోబడని వారందరికీ వాపసు రావలసిందే.

పరిహారం సంగతి వేరు. 2013 నాటి భూసేకరణ చట్టం 96వ సెక్షను ప్రకారం ఆ చట్టం కింద ఇచ్చిన పరిహారంపై ఆదాయపు పన్ను లేదు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2016 అక్టోబరు 25న సర్క్యులరు ఇచ్చి దీనిని స్పష్టం చేసింది. అయితే ఆ పరిహారాన్ని బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీకి ఈ మినహాయింపు వర్తించదు. 'పరిహారంపై పన్ను లేదన్నారు కదా, మరి బ్యాంకువాళ్లు ఎందుకు కోశారు' అన్న సందేహానికి జవాబు ఇదే.

ఎల్.బి. నగర్ పేరు ఎందుకు వచ్చింది?

వాపసు ఆలస్యాలకు మూలం వెతికితే దారి తిరిగి తిరిగి ఎల్.బి. నగర్‌కే చేరుతుంది. 2023లో ఆదాయపు పన్ను శాఖ హైదరాబాదు దర్యాప్తు విభాగం నిజాంపేట, ఎల్.బి. నగర్, వనస్థలిపురం ప్రాంతాలలో పన్ను సలహాదారుల కార్యాలయాలను తనిఖీ చేసింది. ఎనిమిది మంది సలహాదారుల ద్వారా సుమారు 40 కోట్ల రూపాయల మేరకు దొంగ వాపసులు జరిగినట్లు అప్పుడు వెల్లడయింది. లబ్ధిదారులలో రైల్వే, పోలీసు శాఖల ఉద్యోగులు, సాఫ్టువేరు కంపెనీల ఉద్యోగులు ఉన్నారు. సలహాదారులకు ముట్టింది వాపసు సొమ్ములో నూటికి పది.

ఇందులో కిటుకు పెద్దదేమీ కాదు. పన్ను రిటర్నుకు రసీదులు జతచేయనక్కరలేదు. బీమా కట్టామని, చదువు కోసం అప్పు తీసుకున్నామని, పార్టీలకు విరాళమిచ్చామని, ఇంట్లో వికలాంగులున్నారని గడులలో అంకెలు నింపితే యంత్రం వాటిని నమ్మి లెక్క కట్టేది. పౌరుడు నిజమే చెబుతాడన్న నమ్మకం మీద పెట్టుకున్న ఏర్పాటు అది. ఆ నమ్మకాన్నే కొందరు పెట్టుబడిగా పెట్టి వ్యాపారం చేశారు.

ఇది ఒక్క హైదరాబాదు జబ్బు కాదు. 2025 జూలై 14న శాఖ దేశమంతటా 150 చోట్ల ఇటువంటి సోదాలే జరిపింది. అంతకు ముందు నాలుగు నెలలలో సుమారు 40 వేల మంది తమ రిటర్నులు సరిదిద్దుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను వెనక్కు తీసుకున్నారని ప్రకటించింది. 2025 డిసెంబరులో వెలువడిన ప్రకటనలో ఈ లెక్క ఇంకా పెరిగింది. ఆ ఆర్థిక సంవత్సరంలో 21 లక్షల మందికి పైగా పాత రిటర్నులు సవరించి 2,500 కోట్లకు పైగా పన్ను కట్టారు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెడితే?

దొంగలను పట్టవలసిందే. ఇందులో రెండో మాట లేదు. కాని వల పెద్దది వేసేసరికి అందులో చిన్న చేపలు, ఏ పాపం ఎరుగని చేపలు కూడా పడ్డాయి.

2013లో వాపసు చేతికందడానికి సగటున 93 రోజులు పట్టేదని, 2024 నాటికి అది 17 రోజులకు తగ్గిందని శాఖ గర్వంగా చెప్పుకున్నది. అది కాదనలేని ప్రగతి. అయితే 2025లో పరిస్థితి మారింది. రిటర్ను ఫారాలు ఆలస్యమయి, దాఖలుకు గడువే జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు, మళ్లీ 16కు జరిగింది. ఆపైన ప్రతి క్లెయిమునూ యంత్రం అనుమానపు జల్లెడలో వేసింది. 2025 ఏప్రిల్ 1 నుంచి నవంబరు 10 వరకు చెల్లించిన వాపసులు 2.42 లక్షల కోట్ల పైచిలుకు. అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోల్చితే 18 శాతం తక్కువ. చిన్న మొత్తాలు విడుదల చేస్తున్నామని, పెద్ద మొత్తాలను, అనుమానం తగిలిన వాటిని పరిశీలిస్తున్నామని బోర్డు అధ్యక్షుడు రవి అగర్వాల్ ఆ నవంబరులో చెప్పారు. న్యాయమైనవి ఆ నెలలోనో డిసెంబరులోనో ఇస్తామన్నారు.

ఆ డిసెంబరు చివరి వారంలో అనేక మందికి 'మీ వాపసు నిలిపివేశాం, రిటర్ను సరిచూసుకోండి' అన్న అర్థంతో సందేశాలు వచ్చాయి. సవరణకు గడువు డిసెంబరు 31. అంటే మిగిలింది వారం రోజులు. ఎక్కడ తప్పున్నదో సూటిగా చెప్పకుండా తప్పు దిద్దుకోమంటే సామాన్యుడు ఏం దిద్దుకుంటాడు? ఉద్యోగి తన బీమా, విరాళాల వివరాలను ఆఫీసులో ఇవ్వడం మరచి, రిటర్నులో మాత్రం నిజాయితీగా చూపాడనుకోండి. ఆఫీసు ఇచ్చిన ఫారం 16కు, రిటర్నుకు లెక్క కుదరదు. దొంగ క్లెయిముకూ దీనికీ తేడా యంత్రానికి తెలియదు. రెండింటినీ ఒకే గాటన కడుతుంది.

వాపసు ఆగే చోట్లు

అయితే ఆలస్యాలన్నీ శాఖ నిర్వాకమే అనుకోవడం కూడా పొరపాటే. మన వైపున సరిదిద్దుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, రిటర్ను వేయడంతో పని పూర్తి కాదు. 30 రోజులలోగా దానిని ధ్రువీకరించాలి. ఆధార్‌కు ముడిపడిన ఫోనుకు వచ్చే ఓ.టి.పి.తో ఈ పని క్షణంలో అయిపోతుంది. ఆ నంబరు ఎప్పుడో మార్చేసినవారు, ఊళ్లో ఎవరి ఫోనుకో ఆధార్ కలిపించుకున్నవారు ఇక్కడ ఆగిపోతారు. అటువంటివారు రసీదు పత్రం మీద సంతకం చేసి అదే గడువులోగా స్పీడు పోస్టులో బెంగుళూరు కేంద్రానికి చేరేలా పంపవచ్చు. ధ్రువీకరించని రిటర్ను వేసినా వేయనట్లే.

రెండవది, పేరు. మన వైపు ఇంటిపేరు ముందు వస్తుంది. పాన్ కార్డులో అది చివరకు పోతుంది. బ్యాంకు పుస్తకంలో ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. ఆధార్‌లో అసలు ఉండకపోవచ్చు. మనిషికి నలుగురూ ఒక్కరే అని తెలుసు. యంత్రానికి నలుగురూ నలుగురే. వాపసు పడవలసిన ఖాతాను ముందుగా పాన్‌తో కలిపి సరిచూపించుకోకపోతే సొమ్ము తిరిగి వెళ్లిపోతుంది. 2019 మార్చి 1 నుంచి పాన్‌తో కలిసిన ఖాతాలకే వాపసు పంపుతున్నారు.

మూడవది, బ్యాంకు కోడు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017 ఏప్రిల్ 1న ఎస్.బి.ఐ.లో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాత పాసు పుస్తకం చూసి నంబర్లు నింపేవారు ఒకసారి బ్యాంకులో కొత్త కోడు అడిగి తెలుసుకోవడం మేలు.

నాలుగవది, కోసిన పన్ను మన పేర జమ అయిందా లేదా అన్నది. ఫారం 26ఎఎస్ అనే పట్టీలో ఇది కనిపిస్తుంది. బ్యాంకు ఒక్క అంకె తప్పు వేసినా ఆ సొమ్ము మరొకరి పేర పోతుంది. పట్టీలో లేని పన్నును బెంగుళూరు ఇవ్వదు. దాన్ని సరిచేయవలసింది కోసిన బ్యాంకే గనుక అడగవలసింది అక్కడే.

అయిదవది, ఫారం. వ్యవసాయాదాయం ఏడాదికి 5 వేలు దాటినవారు అందరూ వేసే ఒకటో నంబరు ఫారం వేయరాదు. రైతులకు రిటర్నులు వేసిపెట్టే దుకాణాలు ఈ నిబంధన చూడకపోతే రిటర్ను లోపభూయిష్టమని తిరిగి వస్తుంది.

ఆరవది, పాత బాకీ. ఎప్పటిదో బాకీ పుస్తకంలో ఉంటే కొత్త వాపసును దానికింద జమ కట్టుకుంటారు. ముందుగా నోటీసు ఇచ్చి 21 రోజుల వ్యవధి ఇస్తారు. ఆ నోటీసు చూడకపోతే ఒప్పుకున్నట్లే. చిన్న బాకీలలో చాలావాటిని కేంద్రం 2024లో రద్దు చేసింది. 2009-10 ఆర్థిక సంవత్సరం వరకు 25 వేల లోపువి, 2010-11 నుంచి 2014-15 వరకు 10 వేల లోపువి, మనిషికి మొత్తం లక్ష మించకుండా పుస్తకాలనుంచి తీసివేశారు.

ఇక పాన్‌ను ఆధార్‌తో కలపనివారికి 2023 జూలై 1 నుంచి పాన్ పనిచేయదు. అంతకాలం వాపసు లేదు, వడ్డీ కూడా లేదు.

నూటికి అర్ధ రూపాయి

ఆలస్యానికి ప్రభుత్వం వడ్డీ ఇస్తుందా? ఇస్తుంది. గడువులోగా రిటర్ను వేసినవారికి, అంచనా సంవత్సరం మొదలయిన ఏప్రిల్ 1 నుంచి నెలకు నూటికి అర్ధ రూపాయి. పైన చెప్పిన రైతు 2024-25 ఆదాయానికి రిటర్ను గడువులో వేసి, 7 వేలు 2026 జనవరిలో అందుకుంటే పది నెలలకు 350 రూపాయలు వడ్డీ కలిపి రావాలి. వాపసు మొత్తం అసలు పన్నులో పదో వంతు కంటే తక్కువయితే వడ్డీ ఇవ్వరు.

పౌరుడు ముందస్తు పన్ను కట్టడంలో వెనకబడితే ప్రభుత్వం వసూలు చేసేది నెలకు నూటికి రూపాయి. తనకు రావలసినదానికి రూపాయి, తాను ఇవ్వవలసినదానికి అర్ధ రూపాయి. ఊళ్లో ఏ వడ్డీ వ్యాపారి ఇలా లెక్క కట్టినా పంచాయతీ పెట్టేవారు. డిపాజిటు వడ్డీ మీద ఇల్లు గడిపే వృద్ధులకు, విత్తనాల వేళకు సొమ్ము అందక నూటికి రెండు, మూడు చొప్పున అప్పు తెచ్చుకునే రైతుకు ఈ అర్ధ రూపాయి ఏ మూలకు?

ఎక్కడ అడగాలి?

ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కి బషీర్‌బాగ్ ఆయకార్ భవన్‌కు వెళితే పని జరుగుతుందని కొందరి ఆశ. మామూలు రిటర్నుల ఫైలు అక్కడ ఉండదు. దేశమంతటి రిటర్నులనూ లెక్క కట్టేది బెంగుళూరులోని కేంద్రీకృత కార్యాలయం. సొమ్ము పంపేది స్టేట్ బ్యాంకు. పాత బాకీలు, బెంగుళూరునుంచి ఇక్కడికి బదిలీ అయిన వ్యవహారాలకే స్థానిక అధికారితో పని.

వాపసు ఎక్కడున్నదో శాఖ పోర్టల్‌లో పాన్, అంచనా సంవత్సరం, ఫోను నంబరు ఇచ్చి చూడవచ్చు. దీనికి ఎవరికీ కమిషను ఇవ్వనక్కరలేదు. 'పరిశీలనలో ఉన్నది' అని వస్తే వేచి ఉండడమే. 'విఫలమయింది' అని వస్తే ఖాతా సరిచేసి మళ్లీ పంపమని అక్కడే అర్జీ పెట్టాలి. 'సర్దుబాటు అయింది' అని వస్తే పాత బాకీ సంగతి చూడాలి. 1800 103 0025, 1800 419 0025 నంబర్లకు రుసుము లేకుండా ఫోను చేయవచ్చు. పోర్టల్‌లోనే ఫిర్యాదు నమోదు చేసి దాని నంబరు రాసి పెట్టుకోవాలి. 'మీ వాపసు మంజూరయింది, ఇక్కడ నొక్కండి' అని ఫోనుకు వచ్చే సందేశాలను నమ్మరాదు. బ్యాంకు పిన్, ఓ.టి.పి. శాఖ ఎన్నడూ అడగదు.

వేచి ఉండడానికీ ఒక హద్దున్నది. రిటర్ను దాఖలయిన ఆర్థిక సంవత్సరం ముగిసిన తర్వాత తొమ్మిది నెలల లోపల శాఖ లెక్క తేల్చి తెలియజేయాలి. 2025 సెప్టెంబరులో వేసిన రిటర్నుకు ఈ గడువు 2026 డిసెంబరు 31. చట్టం శాఖకిచ్చిన వ్యవధి అది. నిజాయితీపరుడికి అది ఎంత దీర్ఘమో వేరే చెప్పనక్కరలేదు.

అసలు రిటర్నే వేయని వారికి కూడా దారి పూర్తిగా మూసుకుపోలేదు. న్యాయమైన కారణముంటే అంచనా సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోగా ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చని బోర్డు 2024 అక్టోబరు 1న సర్క్యులరు ఇచ్చింది. కోటి రూపాయల లోపు వాపసులపై ప్రిన్సిపల్ కమిషనరే నిర్ణయించవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టం మొదటి ముసాయిదాలో, గడువు దాటి రిటర్ను వేస్తే వాపసే లేదన్న నిబంధన ఉండేది. బైజయంత్ పాండా అధ్యక్షతన పనిచేసిన సెలెక్టు కమిటీ దానిని తొలగించాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకున్నది. ఇది చిన్న మనుషులకు జరిగిన పెద్ద మేలు.

కోతే లేకుండా చేసుకోవడం అన్నింటికంటే మంచిది. ఆదాయం పన్ను పరిధిలో లేనివారు ఏటా ఏప్రిల్‌లోనే బ్యాంకుకు డిక్లరేషను ఇస్తే వడ్డీ పూర్తిగా చేతికి వస్తుంది. అరవై లోపు వారిది 15జి అని, పైబడినవారిది 15హెచ్ అని ఇంతకాలం బ్యాంకుల్లో వ్యవహారం.

పదో వంతు బేరం

'పన్ను మొత్తం వెనక్కు తెప్పిస్తాం, వచ్చినదాంట్లో పదో వంతు ఇవ్వండి' అన్న బేరం వినడానికి ఇంపుగానే ఉంటుంది. లెక్క వేస్తే దాని అసలు రంగు బయటపడుతుంది. దొంగ అంకెలతో 50 వేలు తెప్పించిన సలహాదారుకు 5 వేలు ముడతాయి. రేపు తప్పు తేలితే 50 వేలూ వెనక్కు కట్టాలి. దానిపై వడ్డీ కట్టాలి. కావాలని తప్పుడు వివరాలిచ్చినట్లు రుజువైతే పన్నుకు రెండింతలు, అంటే లక్ష రూపాయలు జరిమానా. కేసు పెట్టే వీలూ ఉన్నది. రిటర్ను మీద ఉన్నది సలహాదారు పేరు కాదు, కట్టినవాడి పేరు. నోటీసు వచ్చేది ఆ ఇంటికే. అందుకే రుసుము ఎంతో ముందే మాట్లాడుకుని, వాపసులో వాటా అడిగేవారి గడప తొక్కకపోవడం మేలు. దాఖలు చేసిన రిటర్ను ప్రతి, లాగిన్ పాస్‌వర్డు, ఫోను నంబరు మన చేతిలోనే ఉండాలి.

శాఖ చేయవలసినవీ ఉన్నాయి. వాపసు ఆపితే ఏ అంకె దగ్గర అనుమానం వచ్చిందో చెప్పాలి. అది తెలుగులో చెప్పాలి. సవరణకు వారం కాదు, న్యాయమైన వ్యవధి ఇవ్వాలి. వేల రూపాయల వాపసులను లక్షల అనుమానాలతో కలిపి ఆపరాదు. జూలై, డిసెంబరు మాసాలలో ఎల్.బి. నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో సహాయ శిబిరం పెడితే నాలుగు మండలాల ప్రజలకు దళారుల అవసరం తప్పుతుంది. దొంగ క్లెయిము దుకాణాలను వెతుక్కుంటూ ఎల్.బి. నగర్ దాకా రాగలిగిన శాఖకు, నిజమైన క్లెయిముదారు కోసం అదే దారిన మరోసారి రావడం భారం కాబోదు.